తల కొలత

సుకుమారి చేతిలోని టేపు యాభై ఏడు దగ్గర ఆగింది. మూడు వారాల కిందట ఇదే జలంధర్ తల యాభై నాలుగు సెంటీమీటర్లు. పొట్ట పెరుగుతుంది గానీ, నలభై ఏళ్ళ మనిషికి తల ఎక్కడైనా పెరుగుతుందా?

అమలాపురం నుంచి దోహా వచ్చి పదకొండేళ్ళయింది. రోగుల తల కొలిచి, సరిపడా వైర్ల టోపీ తొడిగి, ఈఈజీ యంత్రంలో మెదడు గీతలు పట్టడం ఆమె ఉద్యోగం. ఈ మధ్య డాక్టరుగారు కొత్త పరిశోధన మొదలుపెట్టారు. ఏ పనీ చెప్పకుండా, కళ్ళు మూయించి కూర్చోబెడతారు. ఊరకే కూర్చున్నా మెదడు ఊరుకోదు. దాని గీతలో ఒక పెద్ద అలను దగ్గరగా చూస్తే లోపల అలాంటివే చిన్న అలలు, వాటిలో ఇంకా చిన్నవి. కాలీఫ్లవర్ నుంచి తుంచిన ముక్క కూడా చిన్న కాలీఫ్లవర్‌లాగే ఉంటుంది చూడండి, అలాగన్నమాట. జబ్బున్న మెదడులో ఆ పోలిక చెదురుతుంది. మూర్ఛను, మతిమరుపును తొందరగా పసిగట్టడానికి ఇది సాయపడుతుందని ఆయన ఆశ. దీన్నొక్కదాన్నే నమ్మి జబ్బని రాయరు, మామూలు పరీక్షతో కలిపి చూస్తారు.

జలంధర్‌కు మొదటిసారి ఈ రెండు పరీక్షలూ బాగా రాలేదు. వరల్డ్ కప్ స్టేడియం పైకప్పు మీద పైపులు బిగించే మనిషి, ఒకసారి కార్మికుల క్యాంపులో స్పృహ తప్పితే కంపెనీ పంపింది. మళ్ళీ తీయమన్నారు డాక్టరు. ఈసారి బాగుంటే రేపే పైకెక్కుతాడు.

పెద్ద టోపీ తొడిగి మీట నొక్కితే గీతలు చక్కగా వస్తాయి, ఎవరూ ఏమీ అడగరు. కానీ సుకుమారికి చేయి రాలేదు. తలుపు మూసి, అతన్ని ముఖం మీది మాస్కు తీయమంది.

ముప్పై కూడా నిండని ముఖం. అంజి అట, జలంధర్ గదిలోనే ఉంటాడట. క్యాంపులో ఒకరి డ్యూటీ ఒకరు చేస్తారని ఆమెకు తెలుసు గానీ, మెదడు కూడా అరువిస్తారని తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

"ఫిట్స్ అని రాస్తే అన్నను వారంల ఇంటికి పంపిస్తరు మేడమ్" అన్నాడు అంజి, తల దించుకుని.

జలంధర్ వరండాలోనే ఉన్నాడని అంజి చెబితే అతన్ని లోపలికి పిలిచింది. వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తనకేం కాలేదని, ఆ రోజు ఎండ దెబ్బేనని, ఒక్క ఏడాది ఓపిక పడితే పని అయిపోతుందని బతిమాలాడు. ఆ గొంతు వింటుంటే ఆమెకు కోపం నిలవలేదు, భయం వేసింది.

"మీరు పైన ఉన్నప్పుడు కింద ఎవరుంటారు?" అని అడిగింది.

అంజే చెప్పాడు, కింద నిలబడి పైపులు అందించేది తనేనని.

జలంధర్ చాలాసేపు అతని వంక చూశాడు. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు రికార్డింగ్ నడిచింది. గీతలు బాగుండాలని సుకుమారి మనసులో ప్రార్థన చేసుకుంటూనే ఉంది. బాగా రాలేదు. కిందటిసారి కంటే అధ్వాన్నంగా ఉన్నాయి.

"మంచిగొచ్చినాయా మేడమ్?" అన్నాడు జలంధర్ కళ్ళు తెరిచి.

ఇన్నేళ్ళుగా ఎవరడిగినా డాక్టరుగారు చెబుతారనే అనేది. ఈ మనిషికి అలా చెప్పలేకపోయింది.

"లేదండీ" అంది.

జలంధర్ తలాడించాడు. "మా అంజి మీదికి ఏం రాదు గద?" అన్నాడు.