మామయ్య చూడని పరుగు

తెముకిసకి పరుగు నేర్పింది మేనమామ కైతు. నడిసముద్రంలోని వాళ్ళ చిన్న దేశంలో, ఫునాఫుటి దీవిలో, తిన్నగా పరిగెత్తడానికి చోటంటూ ఉంటే అది విమానాలు దిగే దారి ఒక్కటే. వారానికి ఏ రెండు మూడు విమానాలో వచ్చేవి. మిగతా పొద్దంతా అది ఊరి సొంతం. సాయంత్రమైతే ఒక పక్క బంతాట, ఇంకో పక్క చాపలేసుకుని కబుర్లాడే ఆడవాళ్ళు, మధ్యలోంచి మోటారు సైకిళ్ళు. వాటిని తప్పించుకుంటూ తెముకిస చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తేది.

పరుగు మొదలెట్టేటప్పుడు కాళ్ళు ఆనించుకునే దిమ్మలు దీవిలో లేవు. అందుకని కైతు ఆమె వెనకాల తారు మీద చతికిలబడి, రెండు అరచేతులూ ఆమె మడమలకి ఆనించి పట్టేవాడు. రేవులో బస్తాలు మోసిన చేతులవి, గోడల్లా ఉండేవి.

"తన్ను! నన్ను తన్నేసి పో!" అని అరిచేవాడు.

"మేనకోడలి చేత రోజూ తన్నించుకునే ముచ్చట నీకే చెల్లింది కైతూ!" అని చాపల మీంచి ఎవరో ఒకరు అనేవారు. తల్లి పోయాక ఆ పిల్లని పెంచింది అతనే. ఆ మాటలకి మురిసిపోయేవాడు.

ఆమెకి ఇరవై రెండేళ్ళప్పుడు దేశదేశాల ఆటల పోటీలకి దీవి నుంచి ముగ్గురు బయల్దేరారు. పరుగుకి తెముకిస, బరువులెత్తడానికి సెమెసి, ఇద్దరికీ కలిపి గురువూ పెద్దదిక్కూ సామాను మోసేవాడూ అన్నీ కైతే.

అక్కడ ఆడవాళ్ళకి వేరే భవనం. ఒక్కో దేశానికి ఒక్కో అంతస్తు, తెముకిసకి మాత్రం ఒక మూల గది. అందులో రెండు మంచాలు, ఒకటి ఖాళీ. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒంటరిగా నిద్రపోయింది లేదు. ఇంట్లో అందరూ వరసగా చాపల మీద పడుకునేవాళ్ళు, ఎవరు దగ్గినా అందరికీ తెలివొచ్చేది. ఇక్కడ గోడకి చెవి పెట్టి, అవతల ఎవరో నవ్వుతుంటే వింటూ పడుకుంది. భోజనాల దగ్గరా అంతే. ఎదురుపడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. వాళ్ళు తమవాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు.

పోటీ రోజు పొద్దున్నే కైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మడూ, నీదీ వాడిదీ ఒకే పూట పడ్డాయే."

"అయితే?"

"సెమెసి ఎంత బరువెత్తుతాడో ప్రతిసారీ ఒకరు వెళ్ళి చెప్పాలిట. వాడు ఒక్కడూ చేసుకోలేడు. నీకైతే... తుపాకీ పేలితే చాలు కదా."

తెముకిస జడ అల్లుకుంటూనే ఉంది. "వెళ్ళు మామయ్యా. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలితే బరువుకి బదులు బల్లనే ఎత్తేస్తాడు."

కైతు నవ్వాడు. నవ్వి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు. చివరికి ఆమే తలుపు దగ్గరికేసింది.

మైదానం హోరెత్తిపోతోంది. ఆమె పేరు తప్పుగా పిలిచారు. మర్యాదకి నాలుగు చప్పట్లు పడ్డాయి. వంగి దిమ్మలకి పాదాలు ఆనించింది. ఇనుము చల్లగా తగిలింది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూసింది. ఎవరో చొక్కా మీద చీటీ తగిలించుకున్న మనిషి, ఎటో చూస్తున్నాడు.

తుపాకీ పేలింది. ఆ పూట పరిగెత్తినట్టు ఆమె ఎప్పుడూ పరిగెత్తలేదు. సగం దూరం దాటాక కాళ్ళు తనవి కావనిపించింది, ఎవరో ఇచ్చినవి అనిపించింది. అందరికంటే ఆఖరున చేరింది. ఊపిరి తీసుకుంటూ తలెత్తి, ఎవరికెంత సమయం పట్టిందో చూపించే పెద్ద పలక మీద తన అంకె చూసింది. వాళ్ళ దేశంలో ఏ ఆడదీ అంత వేగంగా పరిగెత్తలేదు. చెప్పడానికి మనిషి కోసం చుట్టూ చూసింది. గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ ఎవరో ఒకరు కావలించుకుంటున్నారు.

తిరిగొచ్చే బస్సులో డ్రైవరుకి చెప్పింది. తన గుండె మీద చెయ్యేసుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో, మా దేశంలో నేనే అందరికంటే వేగం అంది. దారి అడుగుతోందనుకుని, ఎక్కడ దిగాలో అతను ఓపిగ్గా వేలితో చూపించాడు.

సాయంత్రం కైతూ సెమెసీ వచ్చారు. సెమెసి తొమ్మిదోవాడిగా నిలిచాడు, ఇద్దరూ ఆనందంతో తేలిపోతున్నారు. ఆమె అంకె చెప్పింది. కైతు ఆమెని పట్టుకుని ఏడ్చేశాడు.

"ఎలా పరిగెత్తావే?"

"బాగానే మామయ్యా" అంది.

దీవికి తిరిగొచ్చాక సభాశాల నిండా జనం చేరి విందు చేశారు. సెమెసి ఎలా ఎత్తాడో కైతు మోకాళ్ళు వంచి, బుగ్గలు పొంగించి చూపిస్తుంటే పిల్లలు పడి పడి నవ్వారు. తర్వాత "మన తెముకిస..." అని మొదలెట్టి అంకె చెప్పి ఆగిపోయాడు. అతను చూడలేదు మరి, ఏం చూపిస్తాడు?

"ఎంతమందిని వెనకేశావే?" అనడిగింది ఒక ముసలావిడ.

"ఎవర్నీ లేదవ్వా."

అందరూ ప్రేమగానే నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు పొద్దు వాలాక కైతు ఆమెని విమానాల దారికి తీసుకెళ్ళాడు. వెనకాల కూర్చుని మడమలు పట్టుకున్నాడు. "ఆ రోజు పరిగెత్తినట్టే పరిగెత్తు. ఇప్పుడు చూస్తాను."

మామయ్య గొంతులో బతిమాలాట విని ఆమె కాదనలేకపోయింది, పరిగెత్తింది. ఒక మోటారు సైకిలు అడ్డొస్తే పక్కకి తప్పుకుంది. కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి. వెనక్కి నడిచొచ్చేసరికి కైతు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"చూశానే తల్లీ, చూసేశాను!"

"చూశావు మామయ్యా" అంది తెముకిస.

తర్వాత మోకాలు దెబ్బతిని మళ్ళీ ఏ పోటీకీ వెళ్ళలేదు. తపాలా ఆఫీసులో కుదురుకుంది. ఓడల్లో పనిచేసే అతన్ని పెళ్ళాడింది, ఏడాదిలో ఎక్కువ నెలలు అతను సముద్రం మీదే. కైతు పోయేదాకా ఆ పరుగు గురించి కళ్ళారా చూసినట్టే ఊరందరికీ చెప్పాడు. ఆమె ఒక్కసారీ దిద్దలేదు.

చాలా ఏళ్ళకి ఫిలియాత అనే పిల్ల అలాంటి పోటీల్లోనే ఆమె అంకెని దాటేసింది. సభాశాలలో తెరకట్టి ఊరంతా చూశారు. గొంతు పోయేలా అరిచినవాళ్ళలో తెముకిస ఉంది. తిరిగొచ్చాక ఆ పిల్ల ఓ పొద్దున్న ఆమె ఇంటికి వచ్చి, గడపలోనే కూర్చుంది.

"అత్తా, అక్కడ నిలబడ్డప్పుడు నీకెలా అనిపించింది?"

"నీకెలా అనిపించింది?"

"నాతో నలుగురు వచ్చారు. ఇక్కడ ఊరంతా చూస్తోందని తెలుసు. అయినా ఆ గీత దగ్గర ఎవరూ లేరనిపించింది అత్తా."

తెముకిస ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"ఉండరు" అంది. "లోపలికి రా, తిందువుగాని."

పనసలాంటి కాయ కాల్చిన ముక్కలూ, చేపా పెట్టింది. ఇద్దరూ తిన్నారు, పరుగు మాట మళ్ళీ రాలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక గిన్నెలు కడుక్కుని, తలుపు దగ్గరికేసి ఆఫీసుకి నడిచింది.