రెండు గంటల గడి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండి నాలుగు నెలలైనప్పుడు, మేము ఢిల్లీలో ఆసుపత్రి క్వార్టర్లలో మా అమ్మమ్మ దగ్గర ఉండేవాళ్ళం. అమ్మమ్మ నర్సు. భర్త పోయాక, గోదావరి జిల్లాలోని పల్లె నుంచి మా అమ్మను చంకనేసుకుని నర్సు చదువుకు బయలుదేరిన మనిషి. ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. ఆ తర్వాత నలభై రెండేళ్ళు దర్జాగా బతికింది. ఈ రెండు లెక్కలూ నేను సరిచూసినవే.

ఆ వేసవిలో అమ్మ ఊరికి వెళ్ళింది. నాలుగేళ్ళ మా తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. అమ్మమ్మ పగటి డ్యూటీకి వెళుతూ ఒక కాగితం మీద గళ్ళు గీసి నా చేతికిచ్చింది. పది, పన్నెండు, రెండు గంటలకు థర్మామీటరు పెట్టి అంకె రాయాలి. పెట్టే ముందు ప్రతిసారీ విదిలించి పాదరసాన్ని కిందికి దించాలి. పక్క క్వార్టరు ఆంటీ మధ్యమధ్యలో వచ్చి చూసి వెళతారు. సాయంత్రం నాలుగింటికి డాక్టరుగారు వచ్చి, ఆ కాగితాన్ని బట్టి పిల్లవాణ్ణి ఆసుపత్రిలో చేర్చాలో వద్దో చెబుతారు.

పదికి నూట ఒకటి. పన్నెండుకు నూట రెండు. రెండింటికి నేను వరండాలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. మూడు దాటాక గుర్తొచ్చింది. తమ్ముడు నిద్రపోతున్నాడు కదా, తగ్గే ఉంటుందనుకున్నాను. రెండు గంటల గడిలో నూరు అని గుండ్రంగా రాసిపెట్టాను.

అమ్మమ్మ వచ్చి, చేతులు కడుక్కుని, ముందు కాగితం చూసింది. తర్వాత థర్మామీటరును కిటికీ వెలుగుకు పట్టింది.

"ఆఖరున ఎంతొచ్చిందే?"

నూరు అన్నాను.

"మరి ఇది నూట రెండు దగ్గరే నిలబడిందేంటి?"

విదిలించేదాకా పాదరసం పాత అంకె దగ్గరే ఉంటుందని నాకు తెలుసు. కాగితం మీద రాసేటప్పుడు అది గుర్తు రాలేదు. అమ్మమ్మ థర్మామీటరు విదిలించి తమ్ముడి చంకలో పెట్టింది. నూట నాలుగు.

వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఏడుస్తున్న నాతో మెల్లగా అంది. "చూడకపోతే ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ కనబడితే నేను వెతుక్కుంటాను. నూరని రాస్తే నమ్మేస్తాను కదే." తర్వాత నా చేతనే ఆ నూరును ఒక్క గీతతో కొట్టించి, పక్కన సంతకం పెట్టించింది. నా జీవితంలో మొదటి సంతకం అదే.

డాక్టరుగారు వచ్చి ఆ సాయంత్రమే చేర్చుకున్నారు. టైఫాయిడు. జ్వరం నూరుకు దిగిందని ఉంటే రేపు చూద్దామని వెళ్ళిపోయేవాణ్ణని ఆయనే చెప్పారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి, పన్నెండో రోజున తమ్ముడు అమ్మమ్మ భుజమెక్కి ఇంటికొచ్చాడు. వాడికిప్పుడు అరవై దాటాయి. నేను ఏ లెక్క చెప్పినా, "నూరు రాసిన చెయ్యి కదక్కా అది" అంటాడు.

అమ్మమ్మ వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళు. సమాధి రాయి చెక్కించేటప్పుడు జననం దగ్గర ఆధార్‌లో ఉన్న తేదీ, జనవరి ఒకటి, వేయించమని చర్చి సంఘ పెద్ద ఒకాయన అన్నారు. అలా వేస్తే సరిగ్గా నూరేళ్ళు వస్తాయట. ఆ తేదీ ఆధార్ క్యాంపులో కూర్చున్న కుర్రాడు తోచినట్టు వేసింది. "మా అమ్మకే గుర్తు లేని రోజు వాడికెలా తెలుసో" అని అమ్మమ్మ నవ్వేది. నా లెక్కకు ఆమె వయసు తొంభై తొమ్మిదికీ నూట రెండుకీ మధ్య. అంతకుమించి తెలియదు. నేను ఒప్పుకోలేదు. నా పక్షాన ముందుగా నిలబడింది తమ్ముడే. అందుకే ఆ రాయి మీద ప్రభువునందు నిద్రించిన తేదీ ఉంటుంది. జననం అన్న మాట పక్కన ఖాళీ ఉంటుంది.

నేను చూడనిది ఈనాటికీ రాయను. కానీ ఆ ఖాళీ ఇంత పని చేస్తుందని నాకు పోయిన నెలలోనే తెలిసింది. ఢిల్లీ పక్కనే వైశాలిలో పెరిగిన మా మనవరాలు, తెలుగు అర్థమైనా హిందీలోనే బదులిచ్చే పిల్ల, ఆ రాయి ముందు ఆగి వేలు పెట్టి చూపించింది. "నానీ, యే ఖాలీ క్యోం హై?" ఇక్కడ ఖాళీగా ఎందుకుందని.

గట్టు మీద కూర్చోబెట్టుకుని, అమ్మమ్మ చంకన పాపతో పల్లె దాటిన రోజు నుంచి మొదలుపెట్టాను. సమాధుల తోట గేటు మూసే భయ్యా వచ్చి పిలిచేసరికి ఇంకా సగం కూడా కాలేదు.