తెల్లగౌన్లూ రాక్షసిబొగ్గూ

మా వీధి చివర ఇస్త్రీ బండి అతను పొద్దున్నే పెట్టెలో బొగ్గులు రాజేసి అట్టముక్కతో విసురుతుంటే, ఆ పొగ గాలివాటున మా వంటింటి కిటికీలోకి వచ్చి, కాఫీ వాసనతో కాసేపు తగువులాడి, చివరికి నా చీర కొంగులో స్థిరపడుతుంది. ఇది కట్టెబొగ్గు పొగ. పలచగా, వినయంగా, ఇస్త్రీ చేసిన చొక్కాలాగే మర్యాదగా ఉంటుంది. ముక్కుకి తగలగానే ప్రాణం లేచొస్తుంది గాని మరుక్షణం, ఇది కాదే అనిపిస్తుంది. నాకు కావలసింది దీని పెద్దక్క, రాక్షసిబొగ్గు పొగ. బందరు నుంచి గుడివాడ దాకా నా చిన్నతనమంతా ఆ పొగ కిందే నడిచింది. నా రంగుకి కారణం అదేనని చాలాకాలం నమ్మాను. నమ్మకం పోయింది, రంగు ఉండిపోయింది.

ఈ రోజుల్లో ఆవిరి బండి ఎక్కాలంటే పెళ్ళి సంబంధం వెతికినట్టు వెతకాలి. దగ్గర్లో ఉన్నవేవీ కుదరవు, కుదిరేవన్నీ కొండల మీద ఉంటాయి. పెద్ద స్టేషన్ల ముందు దిమ్మెకెక్కించిన ఇంజన్లు ఉన్నాయి గాని వాటికి రంగులు వేసి, పూలకుండీలు పెట్టి, చుట్టూ గొలుసు కట్టేశారు. రిటైరైన హెడ్మాస్టరు గారికి శాలువా కప్పి కూర్చోబెట్టినట్టుంటుంది. పార్కుల్లో పిల్లల రైళ్ళున్నాయి, పొగగొట్టం ఉంటుంది, కూత కూడా వేస్తాయి, కాని కడుపులో ఉండేది బ్యాటరీ. అందుకని కిందటేడు నేనూ మా ఎస్తేరు వదినా ఊటీ కొండ రైలు ఎక్కాం. ఇద్దరం పనిగట్టుకుని తెల్లచీరలు కట్టుకున్నాం. అరవై దాటిన ఇద్దరాడవాళ్ళు పొగబండికి తెల్లచీరలు ఎందుకు కట్టుకున్నారో చెప్పాలంటే నలభై ఐదేళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో బందరులో ప్రతి ఇంట్లోనూ బడి బట్టలు, పండగ బట్టలు ఉన్నట్టే రైలు బట్టలని ఒక జత ఉండేది. నాది నశ్యం రంగు గౌను. ఎంత మసి పడినా తెలియదు, ఎంత ఉతికినా తెలియదు. రైలెరిగిన వాళ్ళు ఇంజను వైపు వీపు పెట్టి కూర్చునేవాళ్ళు. తెలియనివాళ్ళు, పిల్లలు, కొత్త పెళ్ళికొడుకులు మాత్రం గాలి కోసం ఎదురుగా కూర్చుని, ఊచల మధ్య ముక్కు పెట్టి, కళ్ళల్లో నలకలు పోయించుకునేవాళ్ళు. నలక పడితే పక్కనున్న ఎవరో ఒక పిన్నిగారు అడగకుండానే గడ్డం పట్టుకుని, కొంగు చివర మెలిపెట్టి, నోటి ఆవిరి పట్టి తీసేసేది. గుడివాడలో దిగి చుట్టాలింటికి వెళ్తే మంచినీళ్ళ కంటే ముందు పెరట్లో బక్కెట్టు చూపించేవాళ్ళు. చెవుల వెనక తనిఖీ అయ్యాకే లోపలికి ప్రవేశం.

ఇంతటి మసిబండిలో మా అమ్మ ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు ఆదివారం మా చర్చి పిల్లల్ని తెల్లగౌన్లలో గుడివాడ తీసుకెళ్ళి పాటలు పాడించేది. గుడివాడ చర్చిలో పాటలు నేర్పేది మా పెద్దమ్మ, అంటే అమ్మకి స్వయానా అక్క. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, పాటల దగ్గర తప్ప. ఒక ఏడాది అమ్మ ధైర్యం చేసి బందరులోనే మాకు తెల్లగౌన్లు తొడిగి బండి ఎక్కించింది. గుడివాడలో దిగేసరికి మా అవతారాలు చూసి పెద్దమ్మ నిదానంగా, "వీళ్ళు దేవదూతలా, బొగ్గు ఎగదోసేవాళ్ళా చెల్లీ?" అంది. అమ్మ ఆ మాటని మనసులో నాఫ్తలీన్ ఉండలేసి మరీ దాచుకుంది.

ఆ తరవాత ఉప్పెన వచ్చింది. ఆ ఏడు ఎవరూ పండగ చేసుకోలేదు. దివిసీమలో మా మావయ్య వాళ్ళ ఇల్లు గోడల్తో సహా పోయింది. మనుషులు మిగిలారు, అదే చాలనుకున్నాం. మావయ్య, అత్తయ్య అక్కడే ఉండి మళ్ళీ పాక వేసుకుంటూ, వాళ్ళమ్మాయి ఎస్తేరుని చదువుకోడానికి మా ఇంటికి పంపించారు. నాకంటే కొంచెం పెద్ద. వదిన అని పిలవాలి కాబట్టి పిలిచేదాన్ని, పనులు తప్పించుకోడానికి పనికొచ్చే గౌరవం అది. వదినవన్నీ ఎవరెవరో పంపిన మూటల్లోంచి వచ్చిన బట్టలు. ఒకటి భుజాలు జారేది, ఒకటి మోకాళ్ళు దాటేది కాదు, ఇంకొకటి ఏ చలిదేశం నుంచి వచ్చిందో గాని దళసరి ఉన్ని స్వెట్టరు. మా బందరు ఉక్కలో దాన్ని చూస్తేనే చెమట పట్టేది. ఏది వేసుకున్నా తన ఒంటి మీద ఇంకెవరో ఉన్నట్టు ముడుచుకుని నడిచేది.

మరుసటేడు డిసెంబరులో అమ్మ తెల్ల పాప్లిన్ తాను తెచ్చి మా అందరికీ కొత్త గౌన్లు కుట్టించింది. టైలరు వదిన కొలతలు తీసి, టేపు మెడలో వేసుకుని నా దగ్గరికి వచ్చేశాక కూడా వదిన చేతులు చాపుకుని అలాగే నిలబడి ఉంది. "అయిపోయిందమ్మా, దించు" అంటే గాని దించలేదు. ఏడాదిలో తన కొలతకి కుట్టిన మొదటి గుడ్డ అది. గంజి పెట్టి, నీలిమందులో ముంచి ఆరేసినప్పుడు మిగతా పిల్లలం దాని కింద దాగుడుమూతలాడుతుంటే, వదిన మాత్రం కాకి వాలకుండా కాపలా కాసింది.

ఇంకో సంగతి, దివిసీమలో రైలు లేదు. వదిన అంతవరకూ రైలెక్కలేదు. మా ఇంటికి స్టేషను దగ్గర. బండి కూత వినపడితే అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయేది. "లోపల కూర్చుంటే ఎలా ఉంటుంది?" అని నన్నడిగేది. నేను అనుభవజ్ఞురాలిలా, "కిటికీ దగ్గర కూర్చుంటే మనం కదలం, పొలాలే వెనక్కి పరిగెడతాయి" అని చెప్పేదాన్ని. ఆ ఆదివారం కోసం వదినకి రెండు కోరికలు. కిటికీ దగ్గర కూర్చోవాలి, గౌను తెల్లగా ఉండాలి. ఈ రెండూ ఒకే బండిలో కుదరవని మాకెవరికీ తట్టలేదు.

అమ్మ ఈసారి పకడ్బందీగా ఏర్పాటు చేసింది. అందరం రైలు బట్టల్లో వెళ్ళాలి, గుడివాడలో పెద్దమ్మ ఇంట్లో స్నానాలు చేసి గౌన్లు తొడుక్కోవాలి. వదినకి నా పాత నశ్యం గౌనుకి అక్కలాంటిది ఇంకోటి దొరికింది. "రెక్కలు కూడా కుట్టించాల్సింది" అన్నారు నాన్న. "రెక్కలుంటే రైలెందుకు?" అంది అమ్మ. నాన్నకి ఆవేళ బందరు చర్చిలో పని ఉండి మమ్మల్ని బండెక్కించి వెళ్ళిపోయారు.

పెడనలో ఎదురుబండి కోసం మా బండి ఆగింది. ఆగడమంటే ఆగడం కాదు, కాపురం పెట్టింది. జనం దిగి టీలు తాగారు, వేరుశనక్కాయలు ఒలిచారు. అక్కడే ఖాదర్ మావయ్య దుప్పట్లు కట్టిన నాలుగు మూటలతో మా పెట్టెలోకి ఎక్కాడు. చుట్టం కాడు. పెడన అద్దకం దుప్పట్లు గుడివాడలో అమ్మే మనిషి, మా వీధిలోకి కూడా వచ్చేవాడు కాబట్టి పిల్లలందరికీ మావయ్యే. అమ్మ మొహం చూసి, "ఏంటమ్మగారూ, బండి కంటే మీరెక్కువ పొగలు కక్కుతున్నారు?" అన్నాడు. అమ్మ సంగతి చెప్పింది. ఇంక పెద్దమ్మ ఇంటికి వెళ్ళే వ్యవధి లేదు, స్టేషన్లో దిగి నేరుగా చర్చిలోకి నడవాలి, గౌన్లు బండిలోనే మార్చాలి.

"బండి ఆగి ఉన్నప్పుడే మార్చండి. దానికేముంది?" అని ఖాదర్ మావయ్య మూట విప్పాడు. ఎర్రనేల మీద నల్లతీగెలు, నెమళ్ళు, మామిడిపిందెలు. రెండు దుప్పట్లు పెట్టెకి అడ్డంగా పట్టించి మూలన ఒక గది కట్టేశాడు. మేమందులో దూరి గౌన్లు మార్చుకుని బయటికొచ్చేసరికి బండి కదిలింది, కిటికీల్లోంచి మొదటి నుసి లోపలికొచ్చింది.

అప్పుడు అమ్మ పెట్టె మధ్యలో నిలబడి, "అయ్యా, అమ్మా, ఈ పిల్లలు గుడివాడలో పాడాలండీ. దయచేసి కిటికీలు మూస్తారా?" అంది. ఆమె గొంతు చర్చిలో చివరి బల్ల దాకా వినపడే గొంతు. ముందు ఎవరో షట్టరు దించారు, ఇంకెవరో దించారు, ఆ చివర నుంచి ఈ చివర దాకా టపటపమని వరసగా పడ్డాయి. తలుపు దగ్గర చేపలతట్టతో ఉన్న మనిషి తలుపు మూసి దానికి వీపు ఆనించింది. మూల కూర్చున్న పెద్దాయన, "చుట్ట కూడా ఆర్పాలా తల్లీ?" అన్నాడు.

"ఆర్పండి బాబాయిగారూ."

"నాది సరే. ముందు ఇంజను దగ్గరికెళ్ళి వాణ్ణి కూడా ఆర్పమని చెప్పి రా" అంటూ చుట్టని ఆర్పి చెవి వెనక దోపుకున్నాడు. పెట్టెంతా నవ్వింది.

అయినా షట్టర్ల సందుల్లోంచి నుసి వస్తూనే ఉంది. ఖాదర్ మావయ్య మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ దుప్పట్లలో మెడ దాకా చుట్టేశాడు. అమ్మకి భయం. "రంగు దిగదు కదా ఖాదర్? తెల్లగుడ్డ మీద ఎర్రమరక పడితే ఇంక వదలదు." ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "ఉతికి ఉతికి కాలవ గట్టున రాళ్ళే అరిగాయి గాని, నా గుడ్డలో రంగు కదల్లేదమ్మగారూ. దిగితే మళ్ళీ మీ వీధి మొహం చూడను."

అలా మేం నెమళ్ళ మూటల్లా వరసగా కూర్చున్నాం. పెట్టె నిండా చీకటి, చేపలు, చల్లారిన చుట్ట, గంజి, కొత్త అద్దకం వాసనలు. అంతమంది పెద్దవాళ్ళు ఉక్కలో విసనకర్రలూపుకుంటూ, ఎవరి పిల్లలో తెలియని మా తెల్లదనాన్ని కాపాడుతున్నారు. కౌతరం వచ్చిందని ఎవరో వాసన చూసి చెప్పారు, గుడ్లవల్లేరు వచ్చిందని ఇంకొకరు కుదుపు చూసి చెప్పారు. నా పక్కన వదిన షట్టరు సందుకి కన్ను ఆనించబోయి, గౌను గుర్తొచ్చి వెనక్కి లాక్కుంది. మొదటిసారి రైలెక్కిన పిల్ల, కిటికీ పక్కనే కూర్చుని, బయటేముందో చూడకుండా గుడివాడ చేరింది. నాకెందుకో అప్పుడే పొలాలు వెనక్కి పరిగెడతాయని చెప్పినందుకు సిగ్గేసింది.

చర్చి గుమ్మంలో దుప్పట్లు విప్పారు. అమ్మ ఒక్కొక్కళ్ళనీ ముందూ వెనకా తిప్పి చూసింది. మసి లేదు. ఎరుపూ లేదు. ఖాదర్ మావయ్య మా వైపు చూడకుండా, ఏమీ పట్టనట్టు దుప్పట్లు మడతలు పెట్టుకుంటున్నాడు, మీసం మాత్రం నవ్వుతోంది. పెద్దమ్మ వచ్చి వరసంతా పరికించి, "ఏంటి చెల్లీ, బందరు బండిలో వచ్చారా, పైనుంచి దిగారా?" అంది. ఆవేళ అమ్మ శ్రుతి మామూలు కంటే పైన ఎత్తుకుంది, అందుకోలేక నా గొంతు పట్టేసింది. వదిన అందుకుంది. గౌను అంచుని రెండు వేళ్ళతో అటూ ఇటూ పట్టుకుని, వెడల్పుగా నిలబడి పాడింది. తన ఒంట్లో తానొక్కతే ఉన్నట్టు నిలబడటం నేను చూసింది అప్పుడే.

సాయంత్రం బండికి పెద్దమ్మ నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, అరిసెలు డబ్బాలో పెట్టిచ్చింది. గౌన్లన్నీ సంచి అడుక్కి వెళ్ళాయి. మళ్ళీ నశ్యం రంగుల్లోకి మారిపోయి బండెక్కాం. ఇంజను కూతేసింది. వదిన ఇంజనుకి ఎదురుగా ఉన్న కిటికీ దగ్గర కూర్చుని, మూసి ఉన్న షట్టరు మీద చెయ్యి పెట్టి, అమ్మ వైపు తిరిగింది.

"ఇప్పుడు తెరవొచ్చా అత్తా?"

అమ్మ లేచి, బిగుసుకుపోయిన షట్టరుని రెండు చేతులా తనే పైకి లేపింది. ఒక్కసారిగా గాలి, పొగ, కోసిన వరి వాసన, కుప్పల మీద పడుతున్న ఎర్రటి ఎండ, అన్నీ వదిన మొహం మీదకొచ్చాయి. పొలాలు నేను చెప్పినట్టే వెనక్కి పరిగెత్తాయి, నా మాట నిలబెట్టాయి. నలకలు పడితే కన్ను నలుపుకుని మళ్ళీ చూసింది. పెడన దాటేసరికి పళ్ళు తప్ప తెలుపన్నది లేదు, ఆ పళ్ళు కూడా నవ్వడం వల్లే కనపడ్డాయి. స్టేషనుకి సైకిలు మీద వచ్చిన నాన్న మమ్మల్ని దాటుకుని వెళ్ళి, వెనక్కొచ్చి, "ఏమ్మా, మా పిల్లలు ఏ పెట్టెలో ఉన్నారో చూశారా?" అని మా వదిన్నే అడిగారు.

ఇదీ తెల్లచీరల కథ. కిందటేడు ఊటీ కొండ మీద మేమెక్కిన ఇంజను మహా అందగత్తె. ఆయాసపడుతూ, పళ్ళచక్రం మీద అంగుళం అంగుళం ఎక్కుతూ, సొరంగాల్లో కూతలేస్తూ మమ్మల్ని మోసుకెళ్ళింది. ముక్కున వేలేసుకుని చూశాం. దిగాక వదిన నా భుజం తట్టి తన చీర చూపించింది. ఎక్కినప్పుడెంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. ప్లాట్‌ఫారం మీద ఉద్యోగిని అడిగితే, "ఇది నూనెతో నడిచే ఇంజనమ్మా, మసే ఉండదు" అని గర్వంగా చెప్పాడు. పాపం, మేం మెచ్చుకుంటామనుకున్నాడు.

ఇప్పుడు బందరు బండి కరెంటుతో గుడివాడ చేరుతుంది. మంచిదే, ఎవరి ఊపిరితిత్తులు వాళ్ళకి మిగిలాయి. రైలు బట్టలు లేవు, కొంగు మెలిపెట్టే పిన్నిగార్లు లేరు, ఖాదర్ మావయ్య లేడు. ఏసీ పెట్టెల్లో అద్దాలు తెరుచుకోవు, తెరవొచ్చా అని అడగడానికి అమ్మ లేదు. ఒక పెట్టెడు జనం ఎవరి పిల్లల కోసమో కిటికీలు మూసి ఉక్కబోతలో కూర్చోవలసిన అవసరం మాత్రం ఎవరికీ రావడం లేదు.

మొన్న వదిన ఫోను చేసింది. డార్జిలింగులో చిన్న పొగబండి ఉందట, అందులో కొన్ని ఇంజన్లకి ఇప్పటికీ రాక్షసిబొగ్గే వేస్తారట. వివరాలు కనుక్కోమని నాకు చెప్పి, రెండు రోజులకి మళ్ళీ చేసి, "కనుక్కున్నావా? మసి పడుతుందా?" అంది ముందుగా. పడుతుందని, కళ్ళజోడు పెట్టుకోమని చెప్పారన్నాను. "నేను పెట్టుకోను" అంది.

ఇందాక ఇస్త్రీ అతను నాదీ వదినదీ రెండు తెల్లచీరలూ పేపర్లో చుట్టి ఇస్తూ, "మల్లెపూవుల్లా వచ్చాయమ్మా. జాగ్రత్త, ప్రయాణంలో మాసిపోతాయి" అన్నాడు.

ఆ ఆశతోనే వెళ్తున్నాం అన్నాను.