ఎర్ర కారులో ఎడమ సీటు

వారానికి మూడు రోజులు మా మావ నా కారులో బందీ. మిగతా నాలుగు రోజులు ఆ కారుకి నేను బందీ.

మావంటే నాకు రెండు వైపుల నుంచీ మావే. మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. నౌపడ దగ్గర ఉప్పు మళ్లలో మేస్త్రీగా చేసి, ఆరుబయట తప్ప ఎక్కడా పది నిమిషాలు కుదురుగా కూర్చోని మనిషి. రెండు కిడ్నీలూ పని మానేశాక కూతురి దగ్గరికి, అంటే మా ఇంటికి, రాజాం వచ్చేశాడు. సోమ, బుధ, శుక్రవారాలు శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని బయటికి వచ్చేసరికి ఉతికి పిండిన పంచెలా ఉంటాడు. అలాంటి మనిషిని బస్సు ఎక్కించలేం. అద్దె కారు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. పరాయివాడి కారులో వాంతి చేసుకుని వాడి మొహం చూడలేనన్నాడు. ఇక మిగిలింది నా కారు.

దాని గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి గోనెసంచుల కొట్లో కూర్చున్నవాణ్ణి. ధాన్యం వ్యాపారులు వాడి పారేసిన సంచులు కొని, చిరుగులు కుట్టించి, మళ్లీ ఆ వ్యాపారులకే అమ్ముతాను. పాతికేళ్లు సంచుల దుమ్ము పీల్చినవాడికి ఒక ఎర్ర కారు మీద మనసు పడడం పెద్ద నేరం కాదనుకుంటాను. విశాఖపట్నంలో ఒకతని దగ్గర పాతది కొన్నాను. అతను కంపెనీ స్ప్రింగులు పీకించి పొట్టి స్ప్రింగులు వేయించాడు. చక్రాలు పెద్దవి చేయించి, వాటికి అప్పడమంత మందం టైర్లు తొడిగించాడు. కారు నేలకు కరుచుకుపోయి, దూకబోయే పిల్లిలా ఉండేది. రాజాం బజారులో దాన్ని చూడని మనిషి లేడు. నా భార్య మాత్రం ఒకసారి ఎక్కి దిగి, ఇకమీదట పుట్టింటికి ఆటోలో వెళ్తానంది. ఆమె పుట్టిల్లు మా ఇంట్లోకే వచ్చేసింది కాబట్టి ఆ సమస్య తీరిపోయింది.

మావ సమస్య తీరలేదు. ఎడమ చేతికి సూదులు గుచ్చుతారు కాబట్టి ఆ చేతికి దెబ్బ తగలకూడదు, దాంతో దేన్నీ గట్టిగా పట్టుకోకూడదు. దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, కుడి అరచేయి డ్యాష్‌బోర్డుకి ఆనించి కూర్చునేవాడు. రాజాం నుంచి చిలకపాలెం దాకా రోడ్డు ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. స్పీడ్‌బ్రేకర్ వస్తే నేను కారును ఏటవాలుగా తిప్పి ఎక్కించేవాణ్ణి. లేకపోతే కారు పొట్ట గీరుకుంటుంది. అలా తిప్పితే ముందు ఒక చక్రం, తర్వాత ఇంకో చక్రం ఎక్కి దిగుతాయి. కారు పొట్ట బాగానే ఉండేది, మావ నడుము మాత్రం ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా నాలుగుసార్లు కుదిలేది. నేను జోకులు వేసేవాణ్ణి. ఆయన పళ్లు బిగించి నవ్వేవాడు.

ఒక శుక్రవారం ఇంటికి వచ్చి దిగకుండా అలాగే కూర్చున్నాడు.

"ఒరే, సోమారం నుంచి నాను రాను," అన్నాడు.

"ఏటి మావా, అలగంటావు?"

"మిషను నన్ను సంపదు. నీ కారే సంపుతాది. ఈ కుదుపులు నా వల్ల కాదు. ఒగ్గీ."

మానేస్తే ఏమవుతుందో డాక్టరు మాకు ముందే చెప్పాడు. లెక్క నెలల్లో లేదు, రోజుల్లో ఉంది. నా భార్య ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. కూతురి ఏడుపు చూసి మావ కొంచెం మెత్తబడి, రెండు వారాలు మాత్రం వస్తానన్నాడు. ఆ రెండు వారాల్లో నేను కారును మెత్తబరచాలి. అమ్మేద్దామని చూశాను. మెచ్చుకున్నవాళ్లు ఊరంతా ఉన్నారు గాని కొనేవాడు ఒక్కడూ దొరకలేదు.

మొదట కారు సామాన్ల కొట్టుకు వెళ్లాను. అతను స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు ముద్దలు చూపించి, ఇవి పెడితే కారు పైకి లేస్తుంది, మేఘం మీద పోయినట్టు ఉంటుందన్నాడు. పెట్టించాను. కారు వేలెడు ఎత్తు లేచింది గాని, స్ప్రింగులు రాళ్లయ్యాయి. తర్వాత నా తెలివి వాడాను. ధాన్యం తోలే ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఖాళీ వ్యాను ఎగురుతుంది, బరువేస్తే మెత్తగా పోతుంది. కొత్త వ్యాను కొన్న ప్రతివాడూ వెనకాల బస్తా పడేసుకునే తిరుగుతాడు. నేనూ డిక్కీలో రెండు ధాన్యం బస్తాలు వేశాను. ఈ ఉపాయం ఏ ఇంజనీరుకూ తట్టలేదని మావకు వివరిస్తూ బయల్దేరాను. మొదటి గోతిలోనే కారు అడుగు దబ్బుమని నేలకు కొట్టుకుంది. రెండో గోతి తర్వాత ఆయన నావైపు తిరిగాడు.

"నన్నూ ఆ బస్తాల్తో పాటు యెనకాలే పడీరా. అవే సుకంగున్నాయి."

నెల్లిమర్లలో ఒక మెకానిక్ ఉన్నాడని సంచుల పని మీద వెళ్లినప్పుడు విన్నాను. చర్చిలో పెద్ద. తెల్లచొక్కా వేసుకుని గ్రీజు పని చేస్తాడు, చొక్కా మాత్రం మాయదు. కారు తీసుకెళ్తే బానెట్ ఎత్తలేదు, కిందికి వంగి చూడలేదు. నొప్పి ఎవరికి, ఆయన ఎక్కడ కూర్చుంటాడు, ఏ చెయ్యి వాడకూడదు అని అడిగాడు. చెప్పాను.

"అయితే నువ్వెల్లి ఆ సీట్లో కూకో. ఎడం సెయ్యి ఒళ్లో ఎట్టుకో. తియ్యకు."

అదే అతని పద్ధతట. నొప్పి ఉన్నవాడి సీట్లో యజమానిని కూర్చోబెట్టి తను తోలతాడు. ఆ కారు కొన్నాక నేను ఎడమవైపు కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు నా భుజం దాకా వచ్చింది. ముందున్న గొయ్యి నాకు కనబడదు, కనబడినా పట్టుకోవడానికి స్టీరింగ్ లేదు. తోలేవాడు దెబ్బను ముందే చూసి ఒళ్లు బిగించుకుంటాడు. పక్కవాడికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. అక్కడి జూట్ మిల్లు దాటి, రైల్వే గేటు ఎక్కి దిగేసరికి నా వెన్నులో పూసలన్నీ ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి. బెల్టు గుండెకు అడ్డంగా బిగిసింది. మూతేసిన పెట్టెలో నన్ను పెట్టి ఎవరో ఊపుతున్నట్టుంది.

"ఆపు," అన్నాను.

అతను ఆపలేదు. "మీ మావ ఆపమంటే ఆపుతన్నావేటి?" అని మళ్లీ గేటు వైపే తిప్పాడు.  ఆ దారంతా కుడి అరచేయి డ్యాష్‌బోర్డుకి ఆనించే కూర్చున్నాను.

షెడ్డుకు వచ్చాక కారు ఎత్తి స్ప్రింగు చూపించాడు. "దీనికి అసలే అణగడానికి సోటు లేదు. పైగా నువ్వు రబ్బరెట్టి సందు మూసీసినావు, బస్తాలేసి కిందకి నొక్కీసినావు. ఇదింక యెటెల్లాల?"

రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, నట్టు తిప్పి ఎత్తు తగ్గించుకునే, పెంచుకునే ఖరీదైన స్ప్రింగుల సెట్టు. దాంతో కారు సోకు పోదు, కుదుపు కొంత తగ్గుతుంది. రెండోది, కంపెనీ స్ప్రింగులు, మామూలు షాక్ అబ్జార్బర్లు, చిన్న చక్రాలు, వాటికి మందమైన టైర్లు. కుదుపు చాలా తగ్గుతుంది. రెండోది వేస్తే కారు ఎలా ఉంటుందని అడిగాను.

"కారులాగుంటాది," అన్నాడు.

టీ తాగొస్తానని బయటికి వచ్చి, తాగకుండా షెడ్డు చుట్టూ తిరిగాను. నిజం చెప్పాలంటే, ఆ రైల్వే గేటు దాటి వచ్చాక కూడా నా మనసు మొదటి సెట్టు మీదే ఉంది. బజారులో నా కారును తిరిగి చూసే మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూడోసారి తిరుగుతుంటే నా ఎడమ చెయ్యి ఇంకా పొట్టకు ఆనించుకునే ఉందని చూసుకున్నాను. లోపలికి వెళ్లి రెండోదే వెయ్యమన్నాను.

శనివారం, మళ్లీ ఆదివారం చర్చి అయ్యాక, రెండు రోజుల పని. రబ్బర్లు పీకేశాడు, బస్తాలు దింపించాడు. టైర్లలో గాలి బంకులో పట్టించినంత కాకుండా, తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంతే కొట్టాడు. కారు పైకి లేచి, బురద దాటడానికి పంచె ఎగ్గట్టిన మనిషిలా నిలబడింది. రాజాంలో దిగేసరికి పక్క కొట్టాయన చూసి, "ఏటి బావా, కారుకి నీరొచ్చి ఉబ్బినాదా?" అని అడిగాడు. రెండు వారాల గడువుకు ఒక్క పూట ముందు ఇంటికి చేరాను.

సోమవారం మావను ఎక్కించుకున్నాను. మొదటి గొయ్యి వచ్చింది, పోయింది. స్పీడ్‌బ్రేకర్‌ను ఏటవాలుగా కాకుండా నేరుగా ఎక్కించాను. కారు ఒకసారి లేచి, ఒకసారి కూర్చుని, సాగిపోయింది. ఆయన కుడి చెయ్యి డ్యాష్‌బోర్డు మీదికి వెళ్లలేదు. నేను మెచ్చుకోలు కోసం పక్కకు చూస్తూనే తోలాను. చిలకపాలెం దాటి హైవే ఎక్కాక ఇక ఆగలేక అడిగాను.

"ఏటి మావా, ఎలగున్నాది?"

"బాగున్నాది."

అంతే.  శ్రీకాకుళం వంతెన కనబడేసరికి మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆ సూదులు సూస్తే నాకు బయమురా. నాలుగ్గంటలు అలగ కట్టీసినట్టు పడుకోడం నా వల్ల కాదు. ఆ మాట పిల్లకి సెప్పలేను గదా. కుదుపంటే అందరూ నమ్మినారు. కారు మీదెట్టి మానీద్దామనుకున్నాను." కుడిచేత్తో డ్యాష్‌బోర్డు తట్టాడు. "ఇప్పుడేటి సెప్పాల?"

 ఇండికేటర్ వేసి ఆసుపత్రి గేటులోకి తిప్పాను. సీటు ఎత్తయింది కాబట్టి నా చెయ్యి పట్టుకోకుండానే దిగాడు. దిగి, తలుపు వెయ్యకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నేనూ దిగి పక్కన నిలబడ్డాను. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. లోపలి నుంచి సిస్టరు పిలిచాక ఆయనే తలుపు వేసి వెళ్లాడు. ఆ నాలుగు గంటలూ నేను కారులో ఎడమ సీట్లోనే కూర్చున్నాను.

బుధవారం పొద్దున్న కారు గుమ్మం ముందుకు తెచ్చి హారన్ కొట్టాను. కొట్టాక తట్టింది, ఈసారి రానంటే బాగుచేయించడానికి కారులో ఏమీ మిగల్లేదని. నా భార్య వాకిట్లో నిలబడి లోపలికి చూస్తోంది. కాసేపటికి మావ వచ్చాడు. కూతురి మొహం చూడకుండా ఎక్కి, ఎడమ చెయ్యి ఒళ్లో సర్దుకుని, నేను చెప్పకముందే బెల్టు పెట్టుకున్నాడు.

"పోనీ," అన్నాడు.