నీళ్లకు పేలే మొక్క

మా అత్తను తలుచుకుంటే ముందుగా నీళ్లు చిలకరించే ఆమె చేయే గుర్తొస్తుంది. సాయుధ పోరాటం రోజులవి. నెల్లికుదురు దగ్గరి ఆ ఊరికి నేను కొత్త కోడలిని. బావి గోడ రాళ్ల సందుల్లో చిట్టిచిట్టి ఆకుల మొక్క ఒకటి గుబురుగా పెరిగింది. ఒళ్లంతా దద్దుర్లు లేపే దురదాకుకు చుట్టమే అయినా ఇది కుట్టదు. ఎండ పడ్డాక నీళ్లు చల్లితే దాని మొగ్గలు పటుక్కున పగిలి పుప్పొడిని పొగలా చిమ్మేవి. "పేలిందే కోడలా!" అని అత్త చప్పట్లు కొట్టేది.

నా భర్త దళంలో ఉన్నాడు. ఒకరోజు పోలీసులొచ్చి ఇల్లంతా చిందరవందర చేశారు.

"తుపాకి ఏడ దాచినవే ముసలిదానా?" అని జమేదారు గద్దించాడు.

"మాకున్న తుపాకి గిదొక్కటే, బాంచెన్" అంటూ అత్త వాళ్లను బావి దగ్గరికి తీసుకెళ్లి మొక్క మీద నీళ్లు చల్లింది. పొగ లేచింది. జమేదారు పగలబడి నవ్వాడు. తానూ నీళ్లు చల్లి పేల్చి చూసుకుని, సంబరంగా వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి, సరిగ్గా ఆ మొక్క వెనక రాయిని కదిపి తుపాకి లాగబోయాడు. నేను నోరెళ్లబెట్టాను. అత్త మాత్రం కొడుకు మీద కస్సుమంది.

"జర మెల్లగ తియ్యిరా! చెట్టు పైలం!"