ఒక రిమోటు, రెండు చేతులు

మా చరణ్ కొత్త గేము రిమోటు అట్టపెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు ముందుగా నన్ను తాకింది దాని వాసన. కొత్త ప్లాస్టిక్కూ, థర్మాకోలూ, కాస్త వేడెక్కిన వైరూ కలిసిన వాసన. నలభై దాటినవాణ్ణి, మార్కాపురంలో మందుల కొట్టు నడుపుకుంటున్నవాణ్ణి, ఆ వాసన లాక్కుపోయి బాషన్న వీడియో గేమ్ దుకాణంలో చెక్కబల్ల మీద కూలేసింది. మావాడికి అదంతా ఏం తెలుసు? కొత్త ఆటలో ఏమేం బాగుచేశారో వాడి ధోరణిలో వాడు చెప్పుకుపోతున్నాడు. ఆట మాత్రం మా చిన్నప్పటిదే. కత్తి పట్టుకుని గుంతలు దూకుతూ పోయే ఆ వీరుడికి ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ, ఊళ్ళో ప్రతి మనిషినీ అన్నా అనో మామా అనో పిలిచే మాకు వాడు కత్తన్న. అప్పటినుంచీ ఆ కంపెనీవాళ్ళు కొన్నేళ్ళకోసారి కత్తన్నకి కొత్త బట్టలు తొడిగి మళ్ళీ దింపుతూనే ఉన్నారు.

“డాడీ, ఇందులో చచ్చిపోయినా మొదటికి పోవాల్సిన పన్లేదు, చచ్చినకాడే మళ్ళా లేస్తాడు. దూకేది తప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు. దారి తెలీకపోతే బాణం గుర్తు చూపిస్తది. ఇంకోటి చూడు, ఒక్క చేత్తోనే ఆడేట్లు బటన్లు మార్చుకోవచ్చు. లేదంటే ఇద్దరు కలిసి ఒక్క కత్తన్ననే ఆడించొచ్చు, ఒకళ్ళు నడిపిస్తుంటే ఇంకొకళ్ళు కత్తి తిప్పొచ్చు. చేతులు బాగలేనోళ్ళ కోసం కొత్తగా పెట్టినారు. సూపర్ ఐడియా కదా!”

ఒళ్ళు మండిపోయింది నాకు. కొత్తగానంట! ఆ ఐడియా ఏ దేశంలోనో, ఏ ఏసీ గదిలోనో ఇప్పుడు పుట్టిందని వాడి నమ్మకం. అది మా ఊళ్ళో రేకుల షెడ్డు కింద పుట్టింది, పుట్టిన చోటే దాని పీక నొక్కేశారు.

మా చిన్నప్పుడు మార్కాపురంలో ఏ వీధిలో నడిచినా కాళ్ళకి బూడిదరంగు పలక పొడి అంటుకునేది. ఫ్యాక్టరీల్లో రాయి కోస్తున్న కీచుచప్పుడు తెల్లవారిన దగ్గర్నుంచీ చెవుల్లో ఉండేది, మధ్యాహ్నం కూలివాళ్ళు అన్నాలకి లేచినప్పుడు అది ఆగిపోతే ఊరికేదో అయిందేమోనని దిగులేసేది. విరిగిన పలక ముక్కలతోనే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, వాటితోనే పచ్చిమామిడికాయలు చెక్కుకుని ఉప్పూకారం అద్దుకునేవాళ్ళం, వాటితోనే గోడల మీద మాకు పడనివాళ్ళ పేర్లు గీకేవాళ్ళం. ఉగాదికి మా అవ్వ ఓళిగలు కాలుస్తుంటే నెయ్యి వాసనకి వీధి మలుపులోనే కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. చలికాలంలో సద్దరొట్టె మీద వెన్నముద్ద కరిగి మోచేతి దాకా కారేది. శెనక్కాయలు ఇసకలో వేయించే బండి గంట వినిపిస్తే చదువుతున్న పుస్తకం ఎక్కడిదక్కడే పడేది. క్రిస్మస్‌కి సామేలు వాళ్ళింట్లో రంగుకాగితాల నక్షత్రం కింద కూర్చోబెట్టి, వాళ్ళమ్మ మరియమ్మత్త నా జేబుల్లో అరిసెలు కుక్కి పంపేది. ఆ అరిసెలు ఇంట్లో చూపించకుండా దారిలోనే తినేయాలని నాకెవరూ చెప్పలేదు, అయినా తెలుసు.

సామేలూ నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ. స్కూలు వదలగానే ఇద్దరం పరుగెత్తేది కంభం బస్సులు ఆగేచోట, బజ్జీల బండి పక్కనున్న బాషన్న షెడ్డుకే. లోపల ఒక టీవీ, ఒక గేము డబ్బా, రెండు రిమోట్లు, అందులో ఒకటి ఎప్పుడూ పాడైపోయే ఉండేది. పైన రేకుల వేడి, పక్కనుంచి మరుగుతున్న నూనె పొగ, మధ్యలో చెమట కంపు, వీటన్నిటినీ దాటుకుని వచ్చే బాషన్న అత్తరు. బల్ల మీద వరసగా కూర్చోవాలి, కత్తన్న చస్తే రిమోటు పక్కవాడికివ్వాలి, అదీ అక్కడి చట్టం. కరెంటు పోతే అందరం ఒక్కసారిగా “ఓఓ...” అని ఏడ్చేవాళ్ళం, ఎందుకంటే అన్ని గుంతలు దాటుకుని పోయిన కత్తన్న కరెంటు రాగానే మళ్ళీ మొదటి గుంత ముందు నిలబడేవాడు. అక్కడ అందరికంటే దూరం పోయేది సామేలే. వాడు ఆడుతుంటే బస్సు కోసం వచ్చినవాళ్ళు కూడా వాకిట్లో నిలబడి చూసి బస్సు పోగొట్టుకునేవాళ్ళు.

ఒక దసరా సెలవల్లో సామేలు వాళ్ళమ్మతోపాటు పలకల ఫ్యాక్టరీకి పనికి పోయాడు. సెలవల్లో పిల్లలు పనికి పోవడం మా దగ్గర వింతేమీ కాదు, పలకలు లెక్కపెట్టడానికో చట్రాలు అందించడానికో పోయేవాళ్ళు. వీణ్ణి కోత మిషను దగ్గర నిలబెట్టారు. కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ పోయాయి. ఒంగోలు పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చాక వాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, అరచేతిని చంకలో దాచుకుని తిరిగేవాడు. ఫ్యాక్టరీలో చప్పుడు ఒక్కరోజు కూడా ఆగలేదు.

మళ్ళీ బాషన్న దుకాణానికి వచ్చినప్పుడు వాడి వంతు రాగానే బల్ల మీద అందరం వాడి చెయ్యి వైపే చూశాం. ఆ రిమోటుకి ఎడమపక్క నడిపించే బటను, కుడిపక్క దూకడానికొకటీ కత్తికొకటీ. సామేలు కుడి మణికట్టుతో బటను నొక్కబోయాడు, కత్తన్న నేరుగా పోయి మొదటి గుంతలోనే పడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు రిమోటు నాకు ఇవ్వబోతుంటే నాకేం బుద్ధి పుట్టిందో, దాన్ని లాక్కోకుండా వాడి పక్కకి జరిగి, భుజానికి భుజం ఆనించి, నా కుడిచెయ్యి దాని మీద వేశాను. “నువ్వు నడిపియ్యిరా సామేలూ, నేను దూకిస్తా” అన్నాను.

మొదట్లో నవ్వులాటే. వాడు నడిపించేసరికి నేను దూకించేవాణ్ణి కాదు, నేను దూకించేసరికి వాడు ఆగిపోయేవాడు, ఇద్దరం కలిసి కత్తన్నని పదేపదే గుంతల్లో తోసేవాళ్ళం. తర్వాత సామేలే ఒక పద్ధతి పెట్టాడు. దూకాలంటే “ఊఁ”, కత్తి తిప్పాలంటే “హాఁ”. దుకాణంలో అందరూ మమ్మల్ని ఊఁ హాఁ గాళ్ళని వెక్కిరించేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ ఊఁ కూడా అక్కర్లేకపోయింది. వాడి మోచెయ్యి నా పక్కటెముకలకి తగిలే తీరుని బట్టి గుంత ఎంత వెడల్పో నాకు తెలిసిపోయేది. వాడు ఊపిరి బిగబడితే నాకూ బిగిసేది. ఆ సంవత్సరం తర్వాత నా జీవితంలో నేను ఇంకొక మనిషికి అంత దగ్గరగా కూర్చున్నది మళ్ళీ ఎప్పుడూ లేదు.

చలికాలం పోయేనాటికి సామేలు వాళ్ళ నాయన వాణ్ణి చదువు మాన్పించాలని చూస్తున్నాడు. ఆయన కూలికి పోయే మనిషి, కడుపు మండి మాట్లాడతాడే గానీ చెడ్డవాడు కాదు. “పట్టుకోను చెయ్యే లేదు, వాడికి పెన్నెవురు పడతారు? కనిగిరికాడ వాళ్ళ మామోళ్ళకి మేకలున్నాయి, వాటెంబడి పోతాడు” అనేవాడు. సామేలు ఎడమచేత్తో రాయడం నేర్చుకుని చూపించాడు, ఆయన చూడలేదు. అప్పుడే బాషన్న తిరునాళ్ళకి పందెం పెట్టాడు: ఒక్క ప్రాణంతో ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళ పేరు షెడ్డు మీద పెయింటుతో రాయిస్తాననీ, సెలవలన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి ఆడుకోవచ్చనీ. సామేలు ఇంటికి పోయి అడిగాడంట: “నాయనా, ఊరంతా చూస్తుండగా నేను గెలిస్తే ఇస్కూలుకి పంపుతావా?” ఆయన నవ్వి “గెల్చిరా, చూద్దాం” అన్నాడంట. ఆ ‘చూద్దాం’ పట్టుకుని వాడు రోజూ నా ప్రాణం తీశాడు, ఇంటికి అన్నానికి కూడా పోనిచ్చేవాడు కాదు.

తేరు లాగిన మర్నాడు పందెం. ఊరంతా జనం, బొరుగులూ బెల్లంజిలేబీలూ గుట్టలుగా పోసిన బండ్లు, రంగుల కళ్ళద్దాలు, బూరలు, దుమ్ము, సోడాసీసాల మోత. షెడ్డు ముందు బల్లలేసి పెద్దవాళ్ళు కూడా కూర్చున్నారు. సామేలు వాళ్ళ నాయన లోపలికి రాలేదు, బజ్జీల బండి అవతల తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మాకంటే ముందు ఆడినవాళ్ళందరిలోకీ ఎరువుల కొట్టాయన కొడుకు ఎక్కువ దూరం పోయాడు. తర్వాత మేమిద్దరం కూర్చున్నాం. వాడు పడిన గుంతని మేము ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా దాటేశాం. బయట ఈలలు మొదలయ్యాయి.

అప్పుడు ఎరువుల కొట్టాయన లేచాడు. బాషన్న షెడ్డు వేసుకున్న జాగా ఆయనదే.

“ఆపు బాషా. ఒక్కడాడే ఆటని ఇద్దరాడితే ఎట్ల లెక్కకొస్తది?”

“పిల్లోడికి చెయ్యి లేదు కదన్నా” అన్నాడు బాషన్న.

“చెయ్యి లేనోడికి ఆటేంది? చూసుకుంటా కూర్చోమను” అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “శెట్టిగారి పిల్లోడివి, ఎవురెవుర్నో ఒరుసుకోని కూర్చోడమేంది నాయనా? మీ నాయనకి తెలిస్తే ఏమనుకుంటాడు?”

గొంతు తగ్గించాడు గానీ అక్కడున్న అందరికీ వినిపించింది. బల్లల మీది పెద్దవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. చేతుల లెక్క పైకి చెప్పడానికే, అసలు లెక్క ఏ చెయ్యి పక్కన ఏ చెయ్యి ఉందన్నది. ఆ వయసులో ఈ మాటలన్నీ నాకు రాకపోయినా విషయం మాత్రం అరిసెలు దాచుకు తిన్న రోజునే తెలుసు. బాషన్న నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మొహం దించుకుని, “శీనా, నువ్వొక్కడివే మళ్ళా మొదట్నించి ఆడు. నీ పేరే రాయిస్తా” అన్నాడు. నేను ఆడనన్నాను. “ఆడరా, నువ్వన్నా ఆడు” అన్నాడు సామేలు. నేను చెయ్యి తీసేశాను. వాడు మాత్రం తీయలేదు. ఎడమ బొటనవేలు నడిపించే బటను మీద అలాగే పెట్టుకుని, తెల్లగా పాలిపోయేదాకా అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. బాషన్నే వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి రిమోటు తీసుకున్నాడు. బయట చూస్తే బజ్జీల బండి అవతల వాళ్ళ నాయన లేడు.

జూన్‌లో బడి తెరిచారు. మా బెంచీలో నా పక్కన ఇంకెవరినో కూర్చోబెట్టారు. సామేలుని కనిగిరి అవతల వాళ్ళ మేనమామ ఊరికి మేకలెంబడి పంపేశారు. షెడ్డు మీద ఎరువుల కొట్టాయన కొడుకు పేరు ఎర్రపెయింటుతో చాలా ఏళ్ళు మెరిసింది.

ఇప్పుడా షెడ్డు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వచ్చింది. బల్ల లేదు, వంతు లేదు, కరెంటు పోతే కలిసి ఏడ్చే మనుషులు లేరు. పలకలు కొనేవాళ్ళు తగ్గి సగం ఫ్యాక్టరీలకి తాళాలు పడ్డాయి, వీధుల్లో నడిస్తే కాళ్ళకేమీ అంటదు. మా చరణ్ ఎవరెవరితోనో, ఏ ఊరివాళ్ళో కూడా తెలియకుండా, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆడతాడు. పక్కవాడి మోచెయ్యి పక్కటెముకలకి తగిలితే ఎలా ఉంటుందో వాడికి తెలియదు, తెలియాల్సిన అవసరం లేకుండా అన్నీ బాగుచేసి పెట్టారు మహానుభావులు.

సామేలు పెళ్ళయ్యాక ఊరికి తిరిగొచ్చి బస్టాండు దగ్గర బండ్ల స్టాండు చూసుకుంటున్నాడు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మన్నాను. ముందురోజు రాత్రే చరణ్‌కి ఆ పందెం సంగతంతా చెప్పాను. తెల్లచొక్కాతో, నూనె రాసి దువ్విన తలతో వచ్చి, కుర్చీ చూపించినా కాసేపు కూర్చోలేదు. చరణ్ బటన్లన్నీ ఎడమపక్కకి మార్చి రిమోటు వాడి చేతిలో పెట్టాడు. కత్తన్న నడిచాడు, ఆగాడు, దూకాడు. నా కుడిచెయ్యి దానంతటదే ముందుకి పోయింది. సామేలు చూసి నవ్వాడు.

“తియ్యిరా శీనా. నీ చెయ్యితో పన్లేదంట ఇప్పుడు.”

ఒక్కడే, ఒక్క చేత్తో, మేము ఎన్నడూ చూడని చోటుదాకా పోయాడు. చరణ్ సంబరపడిపోతూ పక్కన చేరి అడిగాడు: “మామా, నీ చిన్నప్పుడే ఇవన్నీ బాగుచేసుంటే నువ్వే గెల్చేవాడివి కదా?”

సామేలు రిమోటు జాగ్రత్తగా టీపాయి మీద పెట్టాడు. “అప్పుడు మాత్రం ఆ గేము మిషను ఏం వద్దనింది నాయనా? ఎన్ని చేతులేసినా, ఎవురి చెయ్యేసినా, నోరు మూసుకోని ఆడింది. వద్దనింది మనుషులు. వాళ్ళనేమన్నా బాగుచేసినారా ఇందులో?”

చరణ్ నా మొహం చూశాడు. జవాబు చెప్పాల్సినాయన చనిపోయి చాలా ఏళ్ళయింది. ఎరువుల కొట్లో ఆయన ఫొటోకి ఇప్పటికీ రోజూ పొద్దున్నే కొత్త దండ వేసి, అగరొత్తులు వెలిగిస్తున్నారు.