ఎనిమిదో జట్టు తెచ్చిన కడవలు

మా డ్రిల్లు అయ్యవారు పోయారని సోమవారం హాస్టలుకు కార్డు వచ్చింది. చదివిన వెంటనే చింపేయమని అడుగున రాసి ఉంది. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని దాచుకోకూడదంటారు. నాకు చింపడానికి చేతులు రాలేదు. జేబులో పెట్టుకుని అనంతపురంలో ఉరవకొండ బస్సెక్కాను. నేను ఊరు చేరేసరికి ఆయనను మట్టిలో పెట్టి రెండు రోజులైంది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఉరవకొండకు అవతల, మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు నేర్పేవారు. ఖాకీ నిక్కరు, పాత బూటుతాడుకు కట్టిన ఈల, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పసుపుపచ్చని ఉన్ని బంతి. మమ్మల్ని తిట్టేటప్పుడు కూడా ఆ బంతిని తడుముకుంటూనే ఉండేవారు. బాల్ బ్యాడ్మింటన్ అంటే ఆయనకు ప్రాణం. ఆ బంతికి బరువుండదు. మా మెట్ట గాలికి ఎటైనా కొట్టుకుపోతుంది. ఆట మొదలయ్యే ముందు ఆయన చెయ్యి పైకెత్తి బంతిని వదిలేవారు. అది ఎటు వాలి పడుతుందో చూసి, "ఈ పొద్దు గాలి బళ్ళారి దిక్కు నుంచి వస్తాంది. ఎగరేయొద్దండప్పా, అణిచి కొట్టండి" అనేవారు.

ఏటా వేరుశనగ పీకడం అయిపోయాక పోటీ పెట్టేవారు. బెళుగుప్ప దారిలోని పల్లెల నుంచి కూడా జట్లు ఎద్దుల బండ్లలో వచ్చేవి. చేరడానికి ఒకటే షరతు: జట్టుకు రెండు కడవల నీళ్ళు. తడపకపోతే మా నేల లేచి కళ్ళలో పడుతుంది. ఆట కోసం ఏ ఒక్క బావీ అడుగంటకూడదని ఆయన పెట్టిన పద్ధతి అది.

నేను స్కూలు జట్టులో ఆడేవాణ్ణి. నోటీసు రాసేదీ నేనే. మాటల మీద అప్పుడప్పుడే మోజు పుడుతున్న రోజులు. "క్రీడాభిమాన శిఖామణులారా" అని మొదలుపెడితే ఆయన పెన్సిలుతో కొట్టేసి, "ఎప్పుడు, యాడ, ఎవురెవురు. అంతే రాయి. చదివేవానికి చేన్లో పనుంటాది" అన్నారు. ఇప్పటికీ పెద్ద మాట రాయబోతే ఆ పెన్సిలు కనబడుతుంది.

అది స్కూల్లో నా చివరి ఏడు. వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. కూలి చేసుకునే క్రైస్తవుల పేట నుంచి ఐదుగురు కుర్రాళ్ళు వచ్చి జట్టు పేరు ఇచ్చారు. అయ్యవారు సంతోషంగా రాసుకున్నారు. వాళ్ళను ఊరి బావి దగ్గరకు రానివ్వరు. అలాంటిది ఆటలో కలిస్తే రభస అవుతుందని, మా నాయన తిడతాడని భయపడి నోటీసులో వాళ్ళ పేరు వదిలేశాను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

అయ్యవారు గోడ మీది నోటీసు రెండుసార్లు చదివారు.

"అక్షరాలు బాగుండాయప్పా. ఎనిమిదో జట్టు యాడ?"

"కాగితంలో జాగా చాల్లేదు సార్."

కాగితం అడుగున మిగిలిన ఖాళీని ఆయన బొటనవేలితో కొలిచారు. "ఏడు జట్లకు చీటీలు ఎట్లేస్తావు? ఒకరు ఒంటిగా మిగిలిపోతారు గదా" అన్నారు. జేబులో బంతిని తడుముకుంటూ, "పేటకు నువ్వే పోయి పిల్చుకోని రా" అన్నారు.

వెళ్ళాను. వాళ్ళ కెప్టెన్ నా ఈడువాడే. తెగిన బ్యాటు తంతికి ముడి వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నోటీసు చూసినాం లేప్పా. మా నీళ్ళు పోయనిస్తారా మీవోళ్ళు?"

"అయ్యోరు రమ్మన్నాడు."

"అయ్యోరు సరే. నువ్వు?"

ఎన్నో మాటలు నేర్చుకున్నాననుకునేవాణ్ణి. "నేనూ" అనడానికి చాలాసేపు పట్టింది.

పోటీ రోజు వాళ్ళు వాగులో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, రెండు కడవలు మోసుకొచ్చారు. ఊరి పెద్దాయన ఒకరు అడ్డం నిలబడ్డారు.

"అయ్యోరా, ఆ నీళ్ళు ఈడ పడితే మా పిల్లోళ్ళు కాలు పెట్టరు. ముందే చెప్తాండా."

అయ్యవారు ఆ రెండు కడవలనే ముందు కోర్టు పక్కనున్న ఖాళీ పీపాలో వంపారు. వాటి పైన మా కడవలు వంపారు. చెంబుతో ముంచి, అంచుల నుంచి లోపలికి, కోర్టంతా తానే చల్లారు. చెంబు పక్కన పెట్టి అడిగారు: "ఇంగ చెప్పన్నా, యాడ తడి ఎవురిది?"

"నీకు తిక్క పట్టింది అయ్యోరా" అని పెద్దాయన వెళ్ళిపోయారు. మూడు జట్లు బండ్లు కట్టుకున్నాయి. గీత అవతల నుంచి మా నాయన, "రారా ఇంటికి!" అని కేకేశాడు. నా కాళ్ళ కింద నేల చల్లగా ఉంది. నేను కదల్లేదు. నాయన వారం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ రోజు పేట జట్టు మమ్మల్ని ఓడించింది. మరుసటి ఏడు ఊరి పెద్దలు గ్రౌండు ఇచ్చేది లేదన్నారు. ఆ తర్వాత మా ఊళ్ళో పోటీ జరగనేలేదు. అయ్యవారు ఎవరినీ నిష్ఠూరమాడలేదు. బంతిని మాత్రం జేబులోనే ఉంచుకున్నారు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా, కాగితంలో జాగా ఉండిందని ఆయనతో చెప్పాలనుకునేవాణ్ణి. బొటనవేలితో కొలిచిన మనిషికి ఆ సంగతి తెలియదా? అయినా నా నోటితో చెప్పవలసింది. ఇక ఎవరితో చెప్పను?

ఊరి బయట ఆయన సమాధి ఇంకా కొత్త మట్టికుప్పగానే ఉంది. పైమట్టి గాలికి లేస్తోంది. నాకంటే ముందే పేట జట్టు కెప్టెన్ కడవ, చెంబు పట్టుకుని వచ్చి ఉన్నాడు.

"దుమ్ము లేస్తాందప్పా. అయ్యోరు ఓర్చుకోడు" అన్నాడు.

అంచుల నుంచి లోపలికి, అయ్యవారు చల్లినట్టే చల్లాడు. సగం అయ్యాక చెంబు నా చేతికిచ్చాడు. మిగతా సగం నేను తడిపాను. మట్టి నల్లబడింది. అతను చల్లిందెక్కడో నేను చల్లిందెక్కడో తెలియలేదు. మేమిద్దరం చూస్తుండగానే గాలికి అంచులు మెల్లగా ఎండసాగాయి. అతను ఖాళీ కడవ ఎత్తుకుని, మళ్ళీ వాగు వైపు నడిచాడు.